ప్రాసబాబాయి రికార్డు

ప్రాసబాబాయికి ఒకటే జబ్బు. మొదటి మాట ఏ అక్షరంతో మొదలైతే, వెనకాల వచ్చే మాటలన్నీ ఆ అక్షరాన్నే పట్టుకుని రావాలి. రాకపోతే ఆయనకి ఊపిరాడదు. కుర్చీ కావాలంటే "కాస్త కాళ్లు కునికాయి, కుర్చీ కావాలి" అంటాడు. కాళ్లు కునకడమేమిటని అడిగినవాడి పని అంతే. ఇంకో పావుగంట కకారం వినాలి.

ఆయన పనిచేసేది సిటీ బస్సుల డిపోలో, పోయిన వస్తువుల గదిలో. బస్సుల్లో జనం మరిచిపోయినవన్నీ ఆ గదికి చేరతాయి. ఒక్కోదానికి గుర్తులు రాసిన చిట్టీ కట్టి అరలో పెట్టాలి. సొంతదారు వచ్చి గుర్తులు చెబితే చిట్టీతో సరిచూసి ఇచ్చెయ్యాలి. ఈపాటి పనికి ఇద్దరు మనుషులు. ఒకరు బాబాయి, రెండోది చిట్టీలమ్మాయి.

చిట్టీలమ్మాయికి నత్తి. మొదటి అక్షరం దగ్గర నాలుక మొరాయిస్తుంది. రాతపనే కదా, నోరు విప్పనక్కర్లేదనుకుని ఈ ఉద్యోగంలో చేరింది. తీరా చూస్తే కౌంటరు కూడా చూసుకోవాలన్నారు. మూడోరోజున ఒకాయన గొడుగు కోసం వచ్చాడు. "గ... గ... గ..." అని ఈమె ఆగిపోయింది. ఆయన నవ్వాడు, వెనకున్న వరస కూడా నవ్వబోయింది. అంతలో అరల వెనకనుంచి ఒక గొంతు ఉరిమింది.

"గులాబీ గుడ్డ గల గుండ్రటి గొడుగు గురించేనా, గురువుగారూ, గొడవ?"

వరస వరసంతా బాబాయిని చూసి పొట్ట పట్టుకుంది. 'దేవుడా, పిచ్చాయన గదిలో పడ్డాను' అనుకుంది చిట్టీలమ్మాయి. ఆయన మాత్రం దర్జాగా ముందుకొచ్చి, "ఎన్ని గకారాలొచ్చాయో లెక్కపెట్టావా?" అని ఆమెని అడిగాడు. ఎనిమిది. ఆవేళ పాడైన చిట్టీ వెనక రాసిన ఆ ఎనిమిదే పదకొండేళ్లుగా ఆయన రికార్డు. అప్పటినుంచి రోజూ ఆయన లెక్క రాయడం ఆమె పనుల్లో ఒకటైపోయింది.

ఒకవిధంగా ఆమెకి ఈ పిచ్చి కలిసొచ్చింది. తుమ్ములాయన పక్కన కూర్చుంటే మన దగ్గు ఎవరికి వినపడుతుంది? ఆమె ఒక అక్షరం దగ్గర తట్టుకుంటే, ఆయన అదే అక్షరం అందుకుని ఊరేగించేవాడు. వచ్చినవాళ్లు 'ఈ గదిలో అందరూ ఇంతే కాబోలు' అనుకుని పోయేవారు. తన అదృష్టానికి ఆమె లోపల్లోపల మురిసిపోయేది.

ఒకసారి డిపో మేనేజరు తనిఖీకి వచ్చి ఒక చిట్టీ చదివాడు. "కుక్కరు. కాస్త కమిలినది. కూత కూయనిది. కండక్టరు కాళ్లకింద కనపడినది."

"ఏమిటయ్యా ఇది? అల్యూమినియం, అయిదు లీటర్లు అని రాస్తే చాలదా?"

"చాలదు సార్. చప్పగా చెబితే చెవి చేరదు."

మర్నాడే, ఇకపై ప్రాసలు నిషేధం అని మెమో వచ్చింది. బాబాయి భక్తిగా జవాబు రాశాడు. "ఆజ్ఞ అందినది. ఆచరణ ఆరంభమైనది. ఆనందం ఆవిరైనది." మేనేజరు సంతకం పెట్టి ఫైల్లో వేయించాక గాని సంగతి గ్రహించలేదు. ఆ తర్వాత ఇంకో మెమో రాసే ఓపిక ఆయనకి లేకపోయింది.

అలాగని బాబాయి నోటికొచ్చిన అక్షరం వాడేవాడు కాదు. ఇనప సామానుకి ట, డ, బట్టలకీ బొమ్మలకీ మ, ల, న అని నియమం. "శబ్దమే సగం సమాచారం. సామాను సైజు, స్వభావం శబ్దంలోనే సూచించాలి" అనేవాడు. గుడ్డబొమ్మ ఒకటి దొరికితే, "మెత్తని మేను, మాసిన ముఖమలు, ముడిచిన మూతి" అని రాశాడు. దాని సొంతదారు అయిదేళ్లది. తల్లి చిట్టీ చదువుతుంటే వింటూనే "నా బొమ్మే!" అని ఎగిరింది. వెంటనే మొహం చిట్లించి, "మూతి ముడవలేదు. నిద్రపోతోంది" అంది. బాబాయి కళ్లజోడు సవరించుకుని బొమ్మని పరీక్షగా చూసి, చిట్టీలో "మూసిన కళ్లు" అని దిద్ది మరీ ఇచ్చాడు. ఒక మకారం పోయిందని ఆ పూటంతా దిగులుపడ్డాడు.

ఇంకోరోజు ఒక కుర్రాయన కళ్లజోడు కోసం వచ్చాడు. "నాన్నగారిది. ఆయన పోయి పదిరోజులైంది. చివరిసారి మీ బస్సులోనే ఆసుపత్రికి వెళ్లారు" అన్నాడు. బాబాయి లేచి వెళ్లి, కళ్లజోడు తుడిచి, రెండు చేతులతో అందించాడు. "ఇదిగో బాబూ" అన్నాడు. అంతే. ఆ రోజు లెక్కలో చిట్టీలమ్మాయి సున్నా వేసింది. ఆయన అది చూసి తలూపాడు. ఎక్కడ వాడకూడదో తెలియకపోతే ప్రాస ఎందుకూ పనికిరాదని ఆమెకి అప్పుడు తెలిసింది.

అటువంటి బాబాయి రిటైరయ్యే రోజు దగ్గరపడింది. "ఆయన గదివాళ్లే మాట్లాడాలి. గదిలో ఉన్నది నువ్వొక్కదానివే కదమ్మా" అన్నాడు మేనేజరు. చిట్టీలమ్మాయికి భయం పట్టుకుంది. రెండొందలమంది ముందు మైకు పట్టుకోవాలి. పైగా ఆ మర్నాటినుంచి కౌంటర్లో ఒంటరిగా నెగ్గుకురావాలి. తను ఆగిపోతే అందుకునేవాళ్లు ఇంకెవరూ ఉండరు. వారంరోజులు ఆమెకి సరిగా నిద్రలేదు.

సభలో ఆమె పక్క కుర్చీలో బాబాయి భార్య కూర్చుంది. భయం దాచుకోవడానికి చిట్టీలమ్మాయి మాట కలిపింది.

"పి... పిన్నిగారూ, ఇంట్లో ఈ ప్రాసలు ఎలా భ... భరించారండీ?"

"ప్రాసలా? ఆయనా?" పిన్ని తెల్లబోయింది. "ఇంట్లో 'భోజనం పెట్టు, లైటు తీసెయ్' తప్ప మూడో మాట ఉండదమ్మా. పాట పెడితేనే విసుక్కుంటారు. పదకొండేళ్ల కిందట మాత్రం ఒక సాయంత్రం ఉన్నట్టుండి లావుపాటి నిఘంటువు మోసుకొచ్చారు. అప్పట్నుంచి రోజుకో అక్షరం కూర్చుని బట్టీయం. ఈ వయసులో పరీక్షలేమిటండీ అన్నాను. 'గదిలోకి కొత్తపిల్ల వచ్చింది. అక్షరం దగ్గర ఆగిపోతోంది. జనం నవ్వుతున్నారు. ఆ నవ్వేదేదో నన్ను చూసి నవ్వనీ' అన్నారు. ఇంతకీ ఆ పిల్ల ఇప్పటికీ అక్కడే ఉందా అమ్మా?"

చిట్టీలమ్మాయి తలతిప్పి బాబాయి వైపు చూసింది. పిన్ని ఆమె మొహం చూసి, నాలిక కరుచుకుని, చెయ్యి పట్టుకుంది. అప్పుడే మైకులో పిలుపొచ్చింది.

ఆమె లేచి వెళ్లింది. రాసుకున్న కాగితం కుర్చీలోనే ఉండిపోయింది. ముందు వరసలో బాబాయి అప్పటికే కుర్చీ అంచుకి జరిగి, ఏ అక్షరం వస్తుందా, ఎప్పుడందుకోవాలా అని నోరు సగం తెరిచి ఉన్నాడు. ఆగమన్నట్టు ఆమె చెయ్యి చూపించింది.

"మ... మ... మ..."

ఆమె తొందరపడలేదు.

"మా మొండి ముసలాయన మహా మంచి మనిషి!"

చప్పట్లతో హాలు దద్దరిల్లింది. బాబాయి మాత్రం చప్పట్లు కొట్టడం లేదు, వేళ్ల మీద లెక్కపెట్టుకుంటున్నాడు. లెక్క తేలగానే లేచి నిలబడ్డాడు.

"తొమ్మిది! నా రికార్డు పోయింది!"

"మొదటి మూడూ త... తడబాటండీ బాబాయిగారూ. అవి లెక్కకి రావు" అంది ఆమె, కళ్లు తుడుచుకుంటూ నవ్వి.

"ఎందుకు రావమ్మా? అసలు లెక్క వాటితోనే మొదలు. తొమ్మిదని రాసెయ్."

ఆమె చిట్టీ తీసింది. తన లెక్కలో తొమ్మిది వేసింది. ఆయన చివరి మాట ఇంకోసారి మనసులో అనుకుని, ప్రాస కోసం వెతికి చూసి, ఆయన లెక్కలో సున్నా వేసింది.