తాండూరుకు వచ్చిన వజ్రపు సూది

మా ఆయనకు పాటలంటే ప్రాణమని పెళ్లిచూపుల్లోనే చెప్పారు. కాపురానికి వచ్చాక తెలిసింది, ఆయనకు ప్రాణం పాట కాదు, పాట వచ్చే పెట్టె.

మేము తాండూరులో ఉండేవాళ్లం. యాలాల దగ్గర కంది చేన్లు, ఊరి బయట బండల గని. బండలు రైలు డబ్బాల్లోకి ఎక్కించడానికి వీలుగా ఉంటుందని మా మామగారు పట్టాలకు దగ్గర్లోనే ఇల్లు కట్టారు. ఇంట్లో ఉన్న చావి తిప్పే గ్రామఫోను కూడా ఆయన కొన్నదే. పోలీసు చర్య అయిన మరుసటి యేడు హైదరాబాదులో పెద్ద పెద్ద దేవిడీల్లో ఉండే నవాబులు సామాన్లు అమ్ముకుంటుంటే, కందులు అమ్మడానికి పోయిన మనిషి సంచులు ఖాళీ చేసి దాన్ని ఒళ్లో పెట్టుకుని రైల్లో వచ్చారట. దానితో పాటు పదకొండు లక్క రికార్డులు. అందులో ఒకదానికి అంచు నుంచి లోపలికి వేలెడంత పగులు. సరిగ్గా అదే మా అత్తగారికి ఇష్టమైన పాట. కృష్ణుణ్ణి నిద్ర లేపుతూ ఒకామె పాడిన పదం. పగులు దగ్గర సూది చుట్టుకొకసారి టక్కుమనేది. అత్తగారు ఆ టక్కు కూడా పాటలోదే అనుకుంది. పప్పు చెరుగుతూ తాను పాడుకునేటప్పుడు కూడా సరిగ్గా అక్కడ నాలుకతో టక్కుమనిపించేది.

పదిహేనేళ్లకు పైగా ఆ పెట్టె మమ్మల్ని ఏమీ అనలేదు, మేమూ దాన్ని ఏమీ అనలేదు. అరవైల నడుమ ఒకసారి వికారాబాదులో మా అక్కగారింటికి పోయి రావడంతో దానికి చెడ్డరోజులు వచ్చాయి.

అక్క మొగుడు, అంటే మా ఆయనకు షడ్డకుడు, కొత్తగా రేడియోగ్రాం కొన్నాడు. అది మంచమంత ఉంది. అక్క దానిమీద అల్లిక గుడ్డ పరిచి, పింగాణీ కుక్కను కూర్చోబెట్టింది. బావ ఆ కుక్కను రెండు చేతులతో దించి మూత తెరిచాడు.

"తమ్మీ, ముట్టుకోకు. జర దూరంకెల్లి విను. మోటారు జర్మనీది. ఆరు రికార్డులు ఒకదాని మీద ఒకటి పెడితే దానంతట అదే మార్సుకుంటది. మనిషి లేవాల్సిన పనే లేదు."

"ముందుగాల మనిషి ఏడ లేసిండు?" అంది అక్క వంటింట్లోంచి.

తాండూరు స్టేషన్లో దిగాక మా ఆయన నా వైపు తిరిగాడు.

"విన్నవా? పాట పెట్టెలకెల్లి వస్తున్నది."

"మరి ఏడికెల్లి రావాలె?"

"గాలిలకెల్లి రావాలె," అన్నాడు.

ఆ మాట ఆయనకు ఎవరు చెప్పారో, ఎక్కడ చదివాడో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ రోజు నుంచి గాలిలోంచి పాట రప్పించే యంత్రం కోసం వెతుకులాట మొదలైంది. అది ఎనిమిది నెలలు సాగింది. పెళ్లికి నన్ను చూసుకోవడానికి వాళ్లకు ఒక పూట చాలింది.

హైదరాబాదు దుకాణాల నుంచి రంగు బొమ్మల కాగితాలు తెచ్చేవాడు. ఆయన చదువు ఉర్దూలో, కాగితాలు ఇంగ్లీషులో. అందుకని బడి హెడ్‌మాస్టరును పిలిపించి, ఉప్మా పెట్టించి, చదివించుకునేవాడు. హెడ్‌మాస్టరు పాఠం చెప్పినట్టే చెప్పేవాడు. రికార్డు తిరిగే పళ్లెం ఎంత బరువుగా ఉంటే అంత మంచిదట. సూదిని పట్టుకునే చెయ్యి ఎంత తేలిగ్గా ఉంటే అంత మంచిదట. సూది మొనకు వజ్రం ఉంటుందట.

అత్తగారు అరుగు మీద కూర్చుని అంతా వింది. "పళ్లెం బరువు, చెయ్యి తేలిక, ముక్కుకు వజ్రం. కోడండ్లను గూడ గిట్లనే ఎంచుతరు గద," అంది. నా ముక్కుకు వజ్రం లేదు. ఆ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

ఒకసారి నేను కూడా ఆయన వెంట హైదరాబాదు దుకాణానికి పోయాను. పంకా కింద నన్ను కూర్చోబెట్టి, షర్బత్ ఇచ్చారు. దుకాణదారు రెండు యంత్రాలు పక్కపక్కన పెట్టి, రెండింటికీ కలిపి ఒక మీట బిగించాడు. మీట ఇటు తిప్పితే ఈ యంత్రం, అటు తిప్పితే ఆ యంత్రం పలుకుతుంది. రెండింటి మీదా ఒకే పాట.

"జర గౌర్‌సె వినుండ్రి సాబ్. ఇది మామూలుది," అని ఒకటి వినిపించాడు. మా ఆయన కళ్లు మూసుకున్నాడు. కాసేపయ్యాక, "ఇగ ఇది దానికంటె పై రకం," అన్నాడు దుకాణదారు. సరిగ్గా అప్పుడే ఎవరో గిరాకీ పిలిస్తే అటు తిరిగి మాట్లాడుతూ మీట తిప్పడం మరిచిపోయాడు. పలుకుతున్నది ఆ మొదటిదే.

మా ఆయన ముఖం మాత్రం వెలిగిపోయింది. కళ్లు తెరవకుండానే నా మోచెయ్యి పట్టుకుని, "ఆ! గిది! గిప్పుడు గాలిలకెల్లి వస్తున్నది, విన్నవా?" అన్నాడు.

నేను చూశాను. దుకాణదారు నా చూపు చూసి, కదలని మీటను చూసుకున్నాడు. చెప్పవచ్చు. చెబితే ఆ ఎనిమిది నెలలు ఇంకో ఎనిమిది అవుతాయి, హెడ్‌మాస్టరుకు మళ్లీ ఉప్మా చెయ్యాలి. షర్బత్ తాగి ఊరుకున్నాను.

యంత్రం చెక్క పెట్టెలో, గడ్డి మధ్య, రైల్లో వచ్చింది. దాంతో పాటు పాట పలికే డబ్బాలు రెండు. దేని మీద పెట్టాలన్నది పెద్ద చర్చ అయింది. చివరికి మా గనిలోంచే నాలుగు వేళ్ల మందం బండ ఒకటి తీయించి, నున్నగా రుద్దించి, ఆరుగురు మనుషులతో మోయించి హాల్లో పెట్టించాడు. మేస్త్రీ వచ్చి మట్టం చూశాడు. ఇంటి గోడలు కట్టినప్పుడు కూడా ఆ మేస్త్రీ అంత సేపు మట్టం చూడలేదు. గోడల్ని చూస్తే తెలుస్తుంది.

తర్వాత ఇంట్లో కొత్త చట్టం వచ్చింది. యంత్రం తిరుగుతుండగా ఎవరూ మడమలు ఆనించి నడవకూడదు. కారం దంచకూడదు. తలుపులు దబాలున వెయ్యకూడదు. హాలు మధ్యలో ఒక కుర్చీ, దాని నాలుగు కాళ్ల కింద సుద్దముక్కతో గీసిన గుర్తులు. రెండు డబ్బాలకూ ఆ కుర్చీ సమాన దూరంలో ఉంటుందట. పాట గాలిలోంచి వచ్చేది అక్కడ కూర్చున్న ఒక్కడికేనట. మిగతావాళ్లకు మామూలుగానే వస్తుంది.

అసలు సంగతి మూడో రోజు తెలిసింది. యంత్రంతో వచ్చిన పుస్తకాన్ని హెడ్‌మాస్టరు చివరిదాకా చదివి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"లక్క రికార్డులు దీని మీద పెట్టొద్దని రాసిండ్రు సార్. వాటి గీతలు వెడల్పు, గీ సూది మరీ సన్నం. సూది ఖరాబైతదట."

"మరి నా పదకొండు రికార్డులు?" అన్నాడు మా ఆయన.

"కొత్తయి కొనాలె."

కొత్తవి కొనే ముందు యంత్రాన్ని నలుగురికీ చూపించాలి కదా. అందుకు దుకాణదారు ఉచితంగా ఇచ్చిన రికార్డు ఒకటి ఉంది. అందులో పాటలు లేవు. యంత్రం గొప్పతనం తెలియడానికి చేసిన చప్పుళ్లు ఉన్నాయి. బల్ల మీద బంతి ఇటునుంచి అటు, అటునుంచి ఇటు ఎగురుతుంది. గుర్రాలు పోతాయి. ఎడమ గోడలోంచి రైలు బయలుదేరి కుడి గోడలోకి పోతుంది.

తాండూరు పెద్దమనుషులంతా వచ్చారు. ఒక్కొక్కరే కుర్చీలో కూర్చున్నారు, మిగతావాళ్లు గోడకు ఆనుకుని తమ వంతు కోసం నిలబడ్డారు. టీకాల కోసం నిలబడ్డట్టుంది. డాక్టరు బంతి విని తల అటూ ఇటూ ఆడించాడు. సేడం నుంచి వచ్చిన బండల వ్యాపారి గుర్రాల చప్పుడు విని, "చెన్నాగిదె, చెన్నాగిదె," అని మెచ్చుకుని, పాట ఎప్పుడని నన్ను మెల్లగా అడిగాడు. రైలు వంతు వచ్చేసరికి ఇంటి ముందు నుంచి అసలు గూడ్సు బండి పోయింది. బండ కదిలింది, సూది చెయ్యి ఎగిరింది. రైలు ఎడమ గోడలోంచి మళ్లీ మొదటి నుంచి బయలుదేరింది. అప్పటి నుంచి మా ఆయన స్టేషన్ మాస్టరును అడిగి గూడ్సు బండ్ల వేళలు రాసిపెట్టుకున్నాడు. బండలు అమ్మినన్నాళ్లూ ఆ వేళలు ఆయన ఒక్కరోజూ అడిగి ఎరుగడు.

ఇదంతా బావ కోసం. బావా అక్కా ఒక ఆదివారం వచ్చారు. బావ బూట్లు విప్పి, కుర్చీలో కూర్చుని, చేతులు మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. బంతి విన్నాడు. గుర్రాలు విన్నాడు. రైలు పూర్తిగా విన్నాడు. మా ఆయన బావ ముఖమే చూస్తున్నాడు.

"తమ్మీ, రైలు మంచిగ పోయింది," అన్నాడు బావ లేస్తూ. "గని మీ ఇంటి ముంగట ముఫత్‌గ పోతున్నది గద. దానికోసం గింత పరేషాన్ ఎందుకు? ఇగ పాట పెట్టు."

"పాటలు ఇంక రాలే అన్నా. హైదరాబాద్‌కు చెప్పిన."

"పాట లేని దానికి గింత బండనా?" బావ అక్కవైపు చూసి నవ్వాడు. అక్క కూడా నవ్వింది, పాపం, మొగుడు కాబట్టి.

అత్తగారికి ఇవేవీ పట్టవు. గుమ్మంలోంచి ఉత్సాహంగా తొంగిచూసి, "నా కృష్ణుని పాట పెట్టు బిడ్డా. నీ షడ్డకుడు గూడ వింటడు," అంది. కొడుకును కూడా బిడ్డా అనే అలవాటు ఆమెది.

మా ఆయన నా వైపు చూశాడు. పెళ్లయ్యాక ఆయన నన్ను సలహా అడిగినట్టు చూసింది అదొక్కసారే. నేను వద్దని తల ఊపాను. అది చాలు, ఆయనకు పౌరుషం వచ్చింది. అటక మీంచి రికార్డు దించాడు, ధోవతి అంచుతో తుడిచాడు, వేగం మార్చే మీట తిప్పాడు. వజ్రపు సూది లక్క మీద దిగింది.

మొదట పెనంలో నూనె కాగినట్టు ఒకటే చుర్రు. ఆ చుర్రు వెనక ఎక్కడో బావిలోంచి ఒక ఆడగొంతు. అత్తగారు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది.

"గామె గొంతుకు ఏమైందిరా? జరం పట్టుకున్నదా?"

అంతలో పగులు వచ్చింది. అత్తగారు అలవాటుగా నాలుకతో టక్కుమంది. యంత్రం కూడా టక్కుమంది, కానీ ఒక్కసారే. తర్వాత సూది చెయ్యి రికార్డు మీద అడ్డంగా జారిపోయి ఆగింది. మా ఆయన దాన్ని పైకెత్తి చూశాడు. వెంట్రుకంత సూది విరిగి ఎక్కడో పడిపోయింది. నలుగురం నేల మీద కూర్చుని వెతికాం. బావ కూడా వెతికాడు. ఆయన్ని ఎంత అన్నా, ఈ ఒక్క మాట మాత్రం ఒప్పుకోవాలి. అక్కడ ఆయన నవ్వలేదు. మోకాళ్ల మీద పాకుతూ, "వజ్రం తమ్మీ, యాడికి పోతది, మెరుస్తది," అని ధైర్యం చెప్పాడు. మెరవలేదు. మర్నాడు పనామె ఊడ్చి పెంట మీద పోసింది.

అలాంటి సూది హైదరాబాదులో దొరకలేదు. బొంబాయికి ఉత్తరం రాస్తే, విదేశాల నుంచి రావాలి, రావాలంటే అనుమతి కావాలి అన్నారు. ఏడాదికి పైగా పట్టింది. ఆ ఏడాదంతా యంత్రం మీద నా పాత పట్టుచీర ముక్క కప్పి ఉంది. చూడవచ్చినవాళ్లకు మా ఆయన చీర తొలగించి పళ్లెం బరువు చేతితో చూపించి మళ్లీ కప్పేవాడు. అత్తగారు పాత గ్రామఫోనును తన గదిలోకి తెప్పించుకుంది. పొద్దున పూట ఆమె పాట పెడితే, మా ఆయన ఏదో పని ఉన్నట్టు ఆ గుమ్మం దాకా వచ్చి, "శబ్దం సన్నగున్నది," అని వెళ్లిపోయేవాడు. అయితే పాట అయిపోయాకే వెళ్లేవాడు.

సూది వచ్చింది, కొత్త రికార్డులు వచ్చాయి. ఆ మరుసటి యేడు బావ రేడియోగ్రాం ఎవరికో ఇచ్చేసి, అదే దుకాణంలో అదే రకం యంత్రం, దానికంటే ఒక మెట్టు పైది కొన్నాడు. మట్టం చూడటానికి మా మేస్త్రీనే వికారాబాదు పిలిపించుకున్నాడు. బండ కూడా మాదే.

మమ్మల్ని చూడ రమ్మన్నారు. అక్కా నేనూ వంటింట్లో పీట వేసుకుని కూర్చున్నాం. ముందు గదిలో షడ్డకులిద్దరూ తలుపు వేసుకుని గంటసేపు వింటున్నారు. మా దాకా మాత్రం ఏ చప్పుడూ రాలేదు. కరెంటు పోయిందేమోనని అక్క దీపం వేసి చూసింది, ఉంది. చాయ్ తీసుకుని నేను లోపలికి పోయాను.

ఇద్దరూ ఒకే కుర్చీలో చెరో సగం ఇరుక్కుని, కళ్లు మూసుకుని ఉన్నారు. పళ్లెం తిరుగుతోంది. దాని మీద రికార్డు లేదు.

"గిదేంది, ఏం వింటుండ్రు?" అన్నాను.

"ష్," అన్నాడు బావ. "మోటారు సప్పుడు వినవడ్తదా లేదా అని వింటున్నం."

"వినవడ్తున్నదా?"

"లేదు!" అన్నాడు మా ఆయన, ఎంతో సంతోషంగా. "అసలే వినవడ్తలేదు!"

చాయ్ అక్కడ పెట్టి, మడమలు ఆనించకుండా బయటికి వచ్చాను.