రైస్ మిల్లు బండికి రెండు లైడార్లు

2024 యాసంగి ధాన్యం ఆడుతున్న రోజులవి. డ్రైవరు లేని బండ్లను కర్మాగారాల్లో అమర్చే చిన్న సంస్థ మాది, కార్యాలయం సూర్యాపేటలో. మిర్యాలగూడ దగ్గరి ఒక రైస్ మిల్లులో బస్తాలను గోదాముకు చేర్చే అటువంటి బండి ఒకటి తరచూ దారి తప్పుతోందని కబురు వచ్చింది. దానికి తగిన సెన్సర్‌ను ఎంపిక చేయడం నా పని.

ఈ బండి ముందుగా చుట్టూ తిరిగి గోదాము పటం గీసుకుంటుంది, అది మ్యాపింగ్. తరువాత ఆ పటంలో తానెక్కడున్నదీ గుర్తుపడుతుంది, అది లోకలైజేషన్. రెండింటికీ ఆధారం లైడార్. లేజర్ కిరణం దేనికైనా తగిలి తిరిగి రావడానికి పట్టే కాలాన్ని బట్టి అది దూరాన్ని లెక్కకడుతుంది.

బండికి మోకాలి ఎత్తులో 2డి లైడార్ ఉంది. అది ఒకే మట్టంలో చూస్తుంది. ఆ మట్టంలో ఉన్నవి బస్తాల నెట్లే, అంటే ఒకదానిపై ఒకటి పేర్చిన దొంతరలే. సోమవారం పటంలో గోడలుగా నమోదైన నెట్లను గురువారానికి హమాలీలు లారీల్లోకి ఎత్తేశారు. పటంతో పొంతన కుదరక బండి నడిదారిలో నిలిచిపోయింది.

"మూడొద్దులకే తొవ్వ మర్సిపాయె," అన్నాడు యజమాని నర్సిరెడ్డి. "మా పాత ఎడ్లే నయం, ఇంజనీరు సాబ్. బండ్ల మనం నిద్రపొయినా ఇల్లు జేర్చేటియి."

ఎక్కువ దూరం చూసే 2డి లైడార్ తెచ్చినా అది చూసేది దూరపు బస్తాలనే. అందుకే పైకీ కిందికీ కొంత కోణంలో చూడగల 3డి లైడార్‌ను ఎంచి, బండి మీద రెండు మీటర్ల ఎత్తున నిలిపిన కడ్డీకి బిగించాను. దానికి గోదాము స్తంభాల పైభాగాలు, కప్పు కింది ఇనుప దూలాలు కనిపిస్తాయి. వాటిని ఏ హమాలీ ఎత్తుకుపోడు. తరువాతి రెండు వారాలు నెట్లు మారినా బండి దారి తప్పలేదు.

"ఇగ కిందిదెందుకు? తీసెయ్," అన్నాడు నర్సిరెడ్డి. "సీపురు పుల్ల అడ్డమొచ్చినా ఆగుతది. బయట లారీలు లైన్ల ఉన్నయి."

జవాబు చెప్పే ముందు, పైదానికి కనిపించని చోటును కొలిచి బండి చుట్టూ సుద్దతో గీశాను. బండి నుంచి అన్ని వైపులా దాదాపు మూడు మీటర్ల వలయం వచ్చింది. చిందిన బియ్యాన్ని ఊడ్చే లచ్చమ్మ అందులోనే, బండికి వీపు పెట్టి గొంతుక్కూర్చుని ఉంది.

"ముగ్గేస్తున్నవా సారూ?"

"కూసున్న మనిషి పై లైడార్‌కు కనపడని జాగ ఇది. నువ్వు అందులనే ఉన్నవ్."

"హారన్ పెడితె సరి," అన్నాడు నర్సిరెడ్డి.

"గిర్ని సప్పుడుల హారన్ ఎవలికి ఇనవడ్తది సేటూ? నిలవడి ఊడుస్త తియ్యి. గింజలు నువ్వేరు."

నర్సిరెడ్డి వలయాన్నీ ఆమె వీపునూ కాసేపు చూశాడు. "కిందిది ఉండనీ," అన్నాడు.

పైదానికి దారి, కిందిదానికి ఆపడం మాత్రమే అప్పగించాను. సాయంత్రం నిండు బస్తాలతో బండి వచ్చి లచ్చమ్మ వెనుక మీటరు దూరంలో ఆగింది. ఆమె తల తిప్పకుండానే, "ఆగు, అయిపొయింది," అని ఊడ్పు ముగించి పక్కకు జరిగింది. బండి కదిలింది.

తరువాత కోదాడలో ఒక మిల్లు యజమాని, ఎంత దూరం చూసే లైడార్ కావాలని నన్ను అడిగాడు. మీ గోదాములో కింద కూర్చుని పనిచేసేవారెవరని నేను ముందు అడిగాను.