కోడిపిల్ల ఎడమకన్ను

నా చిన్నప్పుడు మా అమ్మ టీచరు ట్రైనింగుకని బాపట్ల హాస్టల్లో చేరి, నన్ను రేపల్లెలో మేనత్త ఇంట్లో ఉంచింది. శనివారం సాయంత్రం తెనాలి మీదుగా రైల్లో వచ్చేది, ఆదివారం వెళ్లిపోయేది. మిగతా రోజులన్నీ నేను వీధి గుమ్మంలోనే. కంచం ముందు పెట్టినా రోడ్డు మీంచి చూపు తిప్పేదాన్ని కాదు. అత్తయ్య ఎంత బతిమాలినా ముద్ద దిగేది కాదు. ఆవిడ మంచిదే, కానీ అమ్మ కాదు.

చిక్కి సగమయ్యాను. పిల్ల ఇలాగే ఉంటే ట్రైనింగు మానేసి వచ్చేస్తానంది అమ్మ. నాకు లోపల సంతోషమే. నాన్న పోయిన ఇంటికి ఆ ఉద్యోగం ఒక్కటే దిక్కని ఆ వయసులో నాకేం తెలుసు.

పక్కింటి అక్క తెనాలి కాలేజీలో జంతుశాస్త్రం చదివేది. ఒక సెలవురోజు నన్ను వాళ్ల పెరట్లోకి లాక్కెళ్లి, గంప కింద నుంచి ఓ కోడిపిల్లను తీసింది. దాని ఎడమకంటి మీద కాగితం ముక్కను అన్నం మెతుకుతో అంటించి, నూకలూ సన్నటి రాళ్లూ కలిపి నేల మీద చల్లింది. కోడిపిల్ల రాళ్లు వదిలి నూకలే ఏరుకుంది. కాగితం కుడికంటికి మార్చగానే రాళ్లనూ పొడవడం మొదలుపెట్టింది. కానీ అక్క దాని మీదుగా చేటను గద్దలా ఆడించేసరికి, ఆ ఎడమకంటితోనే చూసి తల్లి దగ్గరికి పరుగెత్తింది.

"కుడికన్ను తిండికి, ఎడమకన్ను గద్దకి. మెదడులో చెరో సగం చెరో పని చూసుకుంటాయంట. అందుకే అది భయపడుతూనే కడుపు నింపుకుంటది. నువ్వేంటే, రెండు కళ్లూ రోడ్డుకే ఇచ్చేశావు?" అంది.

మనుషులకు కళ్లు రెండూ ముందుకే ఉంటాయి కదా అని వాదించాను. నాకు నోరు తక్కువేం కాదు.

"అయితే ఎదురుచూడటం మానొద్దులే. చూస్తూనే తిను," అంది అక్క, కాగితం ఊడదీస్తూ.

తినమని అందరూ చెప్పారు. ఎదురుచూడమని చెప్పింది ఆమె ఒక్కతే. ఆ సాయంత్రం గుమ్మంలోనే కూర్చుని, ఏడుస్తూ తిన్నాను. అమ్మ ట్రైనింగు పూర్తి చేసింది. జీవితమంతా పిల్లలకు పాఠాలు చెప్పింది.

అమ్మ పోయి చాలా ఏళ్లయింది. ఒక్కదాన్నే అన్నానికి కూర్చున్నప్పుడు ఇప్పటికీ నా చూపు వీధి వైపు వెళుతుంది. వెళ్లనిస్తాను. చెయ్యి మాత్రం ముద్ద కలుపుతూనే ఉంటుంది.