తాడు మీద పచ్చ లుంగీ

సైన్యం అధికారం లాక్కున్న ఏడు, సంచౌంగ్ పేటకి వెళ్ళే సిటీ బస్సులో నా పక్కన ఒక తెలుగు యువకుడు కూర్చున్నాడు. నెట్ ఆపేశారు కనక, ముందే దింపుకున్న పాడ్‌కాస్ట్ గట్టిగా పెట్టుకుని వింటున్నాడు. ఆడదానికి తలవంచేవాడు మగాడే కాదట. నాకు ఒళ్ళు మండింది.

వీధి మొదట్లో బస్సు ఆగిపోయింది. సైనికులు రాకుండా వీధివాళ్ళు, అక్కడి ఆడవాళ్ళు కట్టుకునే లుంగీలను అడ్డంగా తాడు మీద వేలాడదీశారు. వాటి కింద నడిస్తే మగతనం పోతుందని అక్కడి నమ్మకం. బస్సు దిగిన అతను తాడు ముందు నిలబడిపోయాడు.

"ఏటి బాబూ, భయమేస్తందా?" అన్నాను.

"ఆ పచ్చది మాయమ్మది పిన్నీ. పొద్దున్న తాడుకి కట్టమంటే ముట్టుకోనన్నాను."

ఫోన్ ఆపి జేబులో పెట్టుకున్నాడు. తాడు అతనికి అందనంత ఎత్తులో ఉంది. అయినా తల వంచే దాని కింద నుంచి వెళ్ళాడు.