గుమ్మడికాయ మీద గీత

విండ్సర్‌లో సిటీ బస్సెక్కి, ఒళ్ళో గుమ్మడికాయ పెట్టుకుని, పులుసు ఎలా పెట్టాలో అమ్మను ఫోన్‌లో అడుగుతున్నాను. నేను మొట్టమొదటిసారి కొన్న కాయ అది. ఫోన్ పెట్టేయగానే పక్కసీటులోని పెద్దాయన తెలుగులోనే పలకరించారు.

"ముక్క మెత్తబడ్డాకే చింతపండు రసం పొయ్యమ్మా. ముందే పోస్తే ఎంతసేపు ఉడికినా గట్టిగానే ఉంటుంది." కాయను వేలితో తట్టి చూశారు. "మంచి కాయే. ఇంతకీ ఇంట్లో కోసేదెవరు?"

"నేనే అంకుల్. ఒక్కదాన్నే ఉంటా."

"మొదటి గాటు ఆడపిల్ల పెట్టకూడదు. అరిష్టం."

"కెనడాలో కూడానా అంకుల్?" అని నవ్వాను.

ఆయన నవ్వలేదు. జేబులోంచి ఇంటి తాళంచెవి తీసి కాయ మీద లోతుగా ఒక గీత గీశారు. ఆయన మణికట్టుకి హాస్పిటల్‌లో రోగులకు కట్టే ప్లాస్టిక్ పట్టీ ఉండడం అప్పుడు చూశాను.

"మొదటి గాటు నాదైపోయింది. ఏదన్నా ఉంటే నాకే తగులుతుంది. నువ్వు నిశ్చింతగా కోసుకో."

"అయ్యో, అలా అనకండి."

"నాకింక ఏం తగిలినా ఒకటేలేమ్మా" అని, హాస్పిటల్ స్టాప్‌లో మెల్లగా దిగిపోయారు. పేరైనా అడగలేదు నేను.

ఇలాంటివి నేను నమ్మను. ఇప్పటికీ అందరికీ ఆ మాటే చెబుతాను. కాకపోతే ఆ తర్వాత ఎప్పుడూ కోసిన ముక్కలే కొంటున్నాను.

ఆ సాయంత్రం ఆ గీత మీదే కత్తి పెట్టాను. కాయ తేలిగ్గా రెండు చెక్కలైంది. లోపలంతా నల్లగా కుళ్ళిపోయి ఉంది. బయట మాత్రం, ఆయన గీసిన గీత తప్ప, ఒక్క మచ్చ లేదు.