చాందమ్మ తలుపుకు అంటించిన కాగితం

మొన్న మా అపార్ట్‌మెంటు గేటు పక్కన ఎవరో ఇద్దరు పిల్లలు ట్యూషన్ సెంటరు కాగితాలు అంటిస్తుంటే, వాళ్ళ బకెట్‌లోని మైదా లయి వాసన మెట్ల దాకా వచ్చింది. ఉడికీ ఉడకని పిండి వాసన, చల్లారాక అందులోంచి లేచే పులుపు, ఎలుకలు కొరకకుండా కలిపిన మైలుతుత్తపు ఘాటు, ఈ మూడూ కలిసిన వాసన చాలామందికి లెక్కలోకి రాదు. నాకు మాత్రం అది తగిలిన రోజు అన్నం సరిగ్గా దిగదు. ఎందుకు దిగదో చెప్పాలంటే మా ఊరి బస్సు ఆగే చోటు నుంచి మొదలుపెట్టాలి.

మా ఊరు ఆలేరు నుంచి మోత్కూరు పోయే దారిలో ఉంది. రోడ్డు ఊరిని తాకీ తాకకుండా పోయే చోట బస్సు ఆగేది. అక్కడే మా బాపు సైకిల్ దుకాణం, దానికి ఎదురుగా చాందమ్మ ఇల్లు. అసలు పేరు చాంద్‌బీ, ఊళ్ళో అందరి నోటా చాందమ్మే. భర్త పోయాక ఒక్కతే ఉంటూ, ఊళ్ళో వాళ్ళు తెచ్చి ఇచ్చే పాత చీరలతో బొంతలు కుట్టి బతికేది. ఒక్కగానొక్క కూతురు రజియాను ఆలేరులో ఇచ్చింది. నేను చాందమ్మను అవ్వా అనే పిలిచేదాన్ని. రంజానుకు సేమ్యా పాయసం, పీర్ల పండుగకు బెల్లం వాసన గుప్పుమనే మలీద ముద్దలు, మొదటి వాటా మా ఇంటికే వచ్చేది. ఆమె ఇంటికి రోడ్డువైపు కిటికీ లేని పొడుగాటి గోడ ఒకటి ఉండేది. బస్సు దిగిన మనిషి ఆ గోడను చూడకుండా ఊళ్ళోకి అడుగు పెట్టలేడు.

అవి ఎనభైల నాటి రోజులు. ఊళ్ళోకి ఏ కొత్త సరుకు రావాలన్నా దాని కబురు ముందు ఆ గోడ మీదికి వచ్చేది. బీడీలు, విత్తనాలు, పురుగుల మందులు, ఆలేరులో బట్టల దుకాణం, మోత్కూరులో ఎరువుల దుకాణం, విరిగిన ఎముకలకు పసరు కట్టు కట్టే వైద్యుడు, అందరికీ ఆ గోడే కావాలి. దసరా ముందర, గునుగుపూలు తెల్లగా విచ్చి బతుకమ్మ పాటలు మొదలయ్యే రోజుల్లో, గోడలకు రాసే ఆయన సైకిల్ హ్యాండిల్‌కు రంగు డబ్బాలు వేలాడేసుకుని దిగేవాడు. చాందమ్మ గోడకు కిరాయి తీసుకునేది కాదు. రాసుకున్నందుకు బదులుగా ఇల్లంతటికీ సున్నం కొట్టించుకునేది. అలా ఒక ముస్లిం ఆమె ఇల్లు మా బతుకమ్మ పండుగకు ఊరందరికన్నా ముందు తెల్లబడేది. మూరన్నర ఎత్తున నీలి అక్షరాలు ఎండుతుంటే ఆమె నన్ను పిలిచి, “ఏం రాసిండ్రు బిడ్డా నా గోడ మీద? జర సదువు” అనేది. నేను గొంతెత్తి చదివితే పడీ పడీ నవ్వేది. “గీ గోడ మీద ఉన్నయన్ని కొనేటట్టయితే నేను దొరసానినే గద” అనేది.

గోడ రాతలు పెద్దవాళ్ళవి, కాగితాలు పిల్లలవి. మోత్కూరులో డేరా సినిమా పడితే రిక్షాకు మైకు కట్టుకుని వచ్చి, ఎర్రవీ పచ్చవీ పసుపువీ కాగితాలు గాలిలోకి విసిరేవాళ్ళు. మేము దుమ్ములో దాని వెనక పరుగు తీసి, మోకాళ్ళు దోక్కుపోయినా ఏరుకునేవాళ్ళం. పెద్ద పోస్టర్లను మాత్రం గోడలకూ తలుపులకూ అంటించి పోయేవాళ్ళు. వాటిని లయి ఆరకముందే మూలల నుంచి చిరగకుండా ఊడదీయడం ఒక విద్య, అది మా బడిలో నాకు వచ్చినంత బాగా ఇంకెవరికీ రాదు. ఊడదీసి, తిరగేసి, తెల్లవైపు పైకి వచ్చేలా పుస్తకాలకు అట్టలు వేసుకునేవాళ్ళం. దుకాణంలో ఖాకీ కాగితం కొనిచ్చే తల్లిదండ్రులు మా బడిలో ఎవరికీ లేరు. నిజం చెప్పాలంటే నాకు చదవడం వచ్చింది కూడా వాచకాల్లోంచి కాదు, ఈ కాగితాల్లోంచే. అన్నిటిదీ ఒకటే భాష. త్వరపడండి, కొద్ది రోజులు మాత్రమే, ఆలసించిన ఆశాభంగం.

నేను ఐదో తరగతిలో ఉన్న ఏడు వానలు పడలేదు. బావులు అడుగంటాయి, వరి కోతకు రాకముందే పశువుల పాలైంది. ఫాల్గుణం వచ్చేసరికి గుట్టల వైపు మోదుగ పూలు తప్ప పచ్చగా గానీ ఎర్రగా గానీ కంటికి కనిపించేది ఏమీ లేదు. కాముని పండుగకు జాజిరి ఆడుతూ ఇల్లిల్లూ తిరిగిన పిల్లలకు దోసెడు జొన్నలు కూడా దక్కలేదు. అలాంటి ఏడు ఇంటిపన్ను ఎవరు కడతారు? ఎవరూ కట్టలేదు. పైనుంచి ఒత్తిడి వచ్చినట్టుంది, ఒకనాటి పొద్దున సుంకరి డప్పు కొట్టుకుంటూ వాడవాడా తిరిగాడు.

“ఇంటిపన్ను కట్టనోళ్ళు కట్టాల్నహో! జప్తు ఉన్నోళ్ళ తలుపులకు కాయిదం అంటిస్తరహో! అంటిచ్చినంక వారం దినాలల్ల కట్టకుంటే తలుపులు పీక్కపోతరహో!”

చాందమ్మ ఆ రోజే మా దుకాణం దగ్గరికి వచ్చి బాపును అడిగింది. “నా తలుపుకు కాయిదం గిట్ల వస్తే చెప్పు తమ్మీ. కమ్మలమ్మైనా కడుత. రజియాకు నెలలు నిండుతున్నయి, ఉగాదికి ముందే నేను ఆలేరు పోవాలె. ఇంటికి తాళమేసి పోవాలె గద.” బాపు సరేనన్నాడు. ఆమె భయమంతా ఆ కాగితం గురించే. అది రానంత వరకు ఫికర్ లేదని ఊరందరూ అనుకున్నట్టే ఆమె కూడా అనుకుంది.

కాగితం వచ్చింది. అంగడి రోజు, చాందమ్మ బొంతల మూట నెత్తిన పెట్టుకుని మోత్కూరు పోయింది. మాకు ఒంటిపూట బడులు. నేను ఇంటికి వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం, బాపు అన్నానికి పోయాడు, రోడ్డు మీద పిట్ట లేదు. ఆమె తలుపు మీద కొత్త కాగితం, నాలుగు మూలలా లయి ఇంకా కారుతోంది. పైన గుండ్రటి ముద్ర, కింద అచ్చు అక్షరాలు, నడుమ ఖాళీల్లో చేతిరాత. వెనకవైపు మల్లెపువ్వంత తెలుపు. సోమవారం బడి తనిఖీకి పెద్దసారు వస్తున్నాడు, అట్టలు లేని పుస్తకాలు కనిపిస్తే తోలు తీస్తానన్నాడు మా సారు. నా లెక్కల పుస్తకానికి అట్ట లేదు.

చదివాను. చదవలేదని అబద్ధం చెప్పను. ఏడు దినములలోగా అని ఉంది. జప్తు అని ఉంది. ఏడు రోజులే గడువు అని బట్టల దుకాణం కాగితాలు కూడా అంటాయి, ఆ గడువులు పోయాక కూడా దుకాణం అలాగే ఉంటుంది. చేతిరాతలో ఉన్న పేరు చదివానో లేదో ఎంత తలుచుకున్నా తేలదు, చదివాననే అనుకుంటాను. సుంకరి చాటింపు వినలేదా అంటే విన్నాను. కానీ ఆ తెల్లటి కాగితం మీది ఆశ ముందు నాకు ఇంకేమీ వినిపించలేదు. మూల దగ్గర గోరు పెట్టి లేపాను. చిరగకుండా వచ్చింది. ఇంటికి తెచ్చి ఎండలో ఆరబెట్టి, తిరగేసి అట్ట వేసి, నా పేరు రాసుకున్నాను. సోమవారం పెద్దసారు నా పుస్తకం చేతిలోకి తీసుకుని బాగుందన్నాడు కూడా.

ఎనిమిదో రోజున ఎడ్లబండి వచ్చి చాందమ్మ ఇంటి ముందు ఆగింది. బిల్ కలెక్టరు, గడ్డపార పట్టుకుని ఇద్దరు మనుషులు. ఊరంతా పన్ను కట్టకుండా ఉంటే ముందుగా ఈమె ఇంటికే ఎందుకు వచ్చారో నాకు పెద్దయ్యాక అర్థమైంది. బీడీల వాడికీ విత్తనాల వాడికీ ఆ గోడ ఎందుకు కావాల్సి వచ్చిందో వీళ్ళకూ అందుకే కావాల్సి వచ్చింది. బస్సు దిగిన ప్రతివాడూ తలుపుల్లేని ఆ ఇల్లు చూస్తాడు, చూసి తన ఇంటి తలుపు తడుముకుంటాడు. పన్ను వసూలుకు అంతకన్నా మంచి ప్రకటన ఏముంటుంది? మూడో రోజుకల్లా ఊరు ఊరంతా అప్పో సప్పో చేసి పన్ను కట్టేసింది.

కానీ ఆ పొద్దున జరిగింది వేరు. చాందమ్మ తలుపుకు అడ్డం నిలబడి, “కాయిదం లేకుంట తలుపెట్ల ముడుతరు?” అని అడిగింది.

“నా చేతులతోటి అంటిచ్చిన” అన్నాడు బిల్ కలెక్టరు. “చింపి పారేసి మాకెరుక లేదంటవా? గిట్లనే అందరు బుకాయిస్తున్నరు.”

గుంపు చేరింది. నేను బడి సంచితో బాపు పక్కన ఉన్నాను. లెక్కల పుస్తకం సంచిలో ఉంది. చాందమ్మ అందరి ముఖాలూ చూసింది. కొంగు నెత్తి మీదికి లాక్కుని, చెయ్యి చాచి గట్టిగా అంది: “అల్లా కసం. నా బిడ్డ రజియా నిండు కడుపుతోటి ఉంది. దాని మీద ఒట్టు. నేను కాయిదం చూడలే, చింపలే.”

కడుపుతో ఉన్న కూతురి మీద ఒట్టు వేసిన ఆడమనిషిని అప్పటి దాకా ఎవరూ చూడలేదు. నేను సంచిని వీపు వెనక్కి లాక్కున్నాను. చెబితే బాపు సైకిల్ చైనుతో కొడతాడన్న భయం ఒకటి, ఇంతమంది నన్ను దొంగ అంటారన్న భయం ఒకటి. అంతలో బాపే ముందుకు వచ్చాడు. ఆమెకు మేలు చేద్దామనే వచ్చాడు. “పోనీ చాందమ్మా, తప్పయిందను. అంత పెద్ద ఒట్టెందుకు?” అన్నాడు. ఆమె బాపును చూసిన చూపు నేను మర్చిపోలేదు. బిల్ కలెక్టరు అబద్ధమాడే మనిషి కాదని ఊరికి తెలుసు, అతను అంటించడం చూసినవాళ్ళు కూడా ఉన్నారు. ఇక అబద్ధం ఎవరిదో ఊరే తేల్చుకుంది. ఆమె భర్త టేకు కట్టెతో చేయించిన జోడు తలుపులు బండెక్కి పోయాయి.

ఆ సాయంత్రం అట్ట విప్పి పొయ్యిలో పెట్టాను. మా అమ్మ బయట చాటతో చెరుగుతూ ఏం కాలుతోందని అడిగితే చిత్తు కాగితం అన్నాను.

చాందమ్మ తలుపు జాగాలో ఒక బొంత వేలాడదీసుకుంది. లోపల ఊళ్ళో సగం మంది చీరలు ఉన్నాయి, కుట్టినవీ కుట్టనివీ. వాటిని అలా వదిలేసి ఆలేరు ఎలా పోతుంది? గడప మీద కూర్చుని సూది కదిలిస్తూ కాపలా కాసింది. కమ్మలు అమ్మి, పన్నూ జరిమానా కట్టి తలుపులు తెచ్చుకునే లోపలే, ఉగాది ఇంకా నాలుగు రోజులు ఉందనగా, పొద్దుటి ఆలేరు బస్సులో కబురు వచ్చింది. రజియా కాన్పులో పోయింది. పసిగుడ్డు కూడా మిగలలేదు. తలుపులేని ఇంటిని అలాగే వదిలేసి అదే బస్సు వెనక్కి తిరిగి వచ్చేదాకా ఆమె రోడ్డు మీద నిలబడింది.

ఊరు ఏమందో వేరే చెప్పాలా? బొంద పెట్టి వచ్చిన వారానికే బావుల దగ్గరా కల్లాల దగ్గరా ఒకటే మాట, దొంగ ఒట్టు బిడ్డను తిన్నదని. నాకు జ్వరం వచ్చి పదిరోజులు బడికి పోలేదు. లేచాక ఒకసారి ఆమె దగ్గరికి పోయాను. తలుపులు వచ్చాయి గానీ బిగించుకోలేదు, లోపల గోడకు ఆనించి పెట్టింది. నన్ను కూర్చోమంది. మెల్లగా అడిగింది.

“సువర్ణా, నేనే ఆ కాయిదం చూసి మరిచిపోయిన్నేమో బిడ్డా? నా మతి సక్కగ లేకుండెనేమో?”

“ఏమో అవ్వా” అన్నాను.

అంతే అన్నాను. నా బతుకులో నేను చేసిన పెద్ద పాపం కాగితం ఊడదీయడం కాదు, ఆ రెండు మాటలు. ఆమె మళ్ళీ ఎవరితోనూ వాదించలేదు. ఆ ఏడు దసరాకు గోడ రాతల ఆయన వస్తే వద్దని చెయ్యి ఊపింది. రెండేళ్ళు కూడా బతకలేదు.

ఇప్పుడు రోడ్డు వెడల్పులో ఆ గోడా లేదు, బాపు దుకాణమూ లేదు, బాపూ లేడు. ఆ జాగాలో ఇనుప కమ్మీలకు ఫ్లెక్సీలు వేలాడుతున్నాయి. డేరా సినిమాలు, రిక్షా మైకులు, సుంకరి డప్పు, బొంతలు కుట్టే చేతులు అన్నీ పోయాయి. ఇంటిపన్ను మాట ఫోన్‌లో మెసేజ్‌గా వస్తుంది. చాందమ్మ మాట మాత్రం పోలేదు. పోయిన వేసవిలో మా తమ్ముడి గృహప్రవేశానికి ఊరికి పోతే, పొరుగింటి యాదమ్మ వదిన ఏదో ఆటలో ఒట్టు పెట్టిన పిల్లను పట్టుకుని, “గట్ల ఒట్టు పెట్టకే, చాందమ్మ లెక్కయితది” అని బెదిరిస్తోంది. ఆ పిల్లకు చాందమ్మ ఎవరో కూడా తెలియదు.

నేను ఇక ఆగలేకపోయాను. అక్కడే నలుగురి మధ్యా చెప్పాను. కాగితం ఊడదీసింది నేనని, లెక్కల పుస్తకానికి అట్ట వేసుకున్నానని, పొయ్యిలో పెట్టానని, అన్నీ. యాదమ్మ వదిన నా వీపు నిమిరింది. “నువ్వు చిన్నప్పటిసంది గంతే సువర్ణా. ఎవ్వరి పాపమైన నీ మీదేసుకుంటవ్.” పక్కనున్న ఇంకొకామె నవ్వుతూ, “నిజమే అయితే నీ బిడ్డ మీద ఒట్టెయ్యి, నమ్ముతం” అంది.

మా అమ్మాయి పక్క గదిలోనే ఉంది, ఎవరితోనో ఫోన్‌లో మాట్లాడుతూ నవ్వుతోంది. నేను చెప్పింది అక్షరం అక్షరం నిజం. నిజం మీద ఒట్టు వేయడానికి భయమెందుకు? కానీ చాందమ్మ వేసింది కూడా నిజం మీదే. చెయ్యి ఒళ్ళోంచి లేవలేదు.

“చూసినవా మరి” అని యాదమ్మ వదిన నవ్వి, పిల్లలకు విస్తర్లు వేయడానికి లేచింది.