బందువెట్టు అంటే బంధువు కాదు

మా ఇంట్లో రెండు డబ్బాలున్నాయి. ఆఫర్లో అగ్గువకు వస్తున్నాయని రెండూ నేనే తెప్పించాను. ఒకటి వైఫై రౌటరు. రెండోది పిలిస్తే పలికి, ముందు గదిలో లైటూ ఫ్యానూ వేసి ఆపే మాటల డబ్బా. రౌటరు ఆగిపోతే దీనికీ నోరు పడిపోతుంది. మాది బొగ్గు గనుల ఊరు గోదావరిఖని. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగు అయితే మా కిటికీలు గడగడలాడతాయి. ఆ అదురుకు రౌటరు ప్లగ్గు జారుతుంది. అట్టముక్క మడిచి సందులో కుక్కాను కానీ, అదీ ఓ వారమే ఆగింది.

నేను బడిలో టీచర్ని కాబట్టి, పుస్తకాల తెలుగులో "లైటు ఆపు" అంటే డబ్బా బుద్ధిగా ఆపేది. చిక్కంతా మా మామతోనే. ఆయన బొగ్గు బాయిలో ముప్పై ఏళ్ళు బొగ్గు టబ్బుల్ని తాడుతో పైకి లాగే హాలేజీ యంత్రం నడిపి రిటైరైన మనిషి. ముచ్చటపడి డబ్బా ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"లైటు బందువెట్టు" అన్నాడు.

"మీ బంధువులలో ఎవరికి ఫోన్ చేయమంటారు?" అంది డబ్బా.

"ఓసి దీన్ని తగలెయ్య! నా బంధువులతోని నీకేం పని? లైటు బందువెట్టే!"

"ఆ పేరుతో బంధువులెవరూ లేరు."

నేను కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పరుగెత్తాను. నవ్వు ఆగితే ఒట్టు.

"ఏ ఊరిదాన్ని పట్టుకొచ్చినవ్ బిడ్డా? మన మాటే రాదు దీనికి" అన్నాడు. ఆ తర్వాత రెండు రోజులు ఆ గదిలోకే రాలేదు. బాయిలో ఆయన చెయ్యి పడితే యంత్రం కదిలేది. ఇంట్లో చూస్తే కొడుకు, అంటే మా ఆయన, షిఫ్టు దిగగానే ఫోను పడతాడు, పిల్లలు టీవీ పడతారు. చివరికి నేను కొన్న డబ్బా కూడా ఆయన మాట వినలేదు.

అందుకే దొంగపని చేశాను. డబ్బా మైకు ఆపేసి దాని చెవులు మూశాను. ఆ లైటూ ఫ్యానూ అదే వైఫై మీద ఫోనులోంచి కూడా నడుస్తాయి. మామ ముందు గదిలో "బందువెట్టు" అనగానే నేను వంటింట్లో నొక్కేదాన్ని. "ఎయ్యి" అంటే మళ్ళీ నొక్కేదాన్ని. పప్పు మాడినా సరే, ఆయన మాట మాత్రం కింద పడనివ్వలేదు.

"చూసినవా, నా మాటకు అలవాటువడ్డది" అన్నాడు.

"మీ గొంతుకు భయపడ్డది మామా" అన్నాను.

ఆయన ఊరుకుంటే బాగుండేది. చాయ్ దుకాణం దగ్గర తన పాత షిఫ్టు దోస్తులకు గొప్పలు చెప్పాడు. నా మాట వింటది, వచ్చి చూడున్రి అన్నాడట. బడికి సెలవున్న రోజు మధ్యాహ్నం ముగ్గురు దిగారు. నేను ఫోను పట్టుకుని తలుపు చాటున నిలబడ్డాను. సరిగ్గా అప్పుడే ధన్‌మని బ్లాస్టింగు. రౌటరు ఆరిపోయింది.

"లైటు బందువెట్టు" అన్నాడు మామ. నేను నొక్కాను. ఏమీ కాలేదు. ఇంకోసారి అన్నాడు. ఇంకోసారి నొక్కాను.

"ఊదు కాలది, పీరు లేవది" అన్నాడు ఒక దోస్తు, ఇది అయ్యే పని కాదన్నట్టు. మిగతా ఇద్దరూ పకపకా నవ్వారు. మామ ముఖం చిన్నబోయింది. ఆ గది స్విచ్చు వాళ్ళ నెత్తి మీదే ఉంది. ఇంకేం తోచక వెనక వరండాలోకి ఉరికి మెయిన్ స్విచ్చు గుంజేశాను.

లైటు ఆరింది. దాంతోపాటు ఫ్యానూ, ఫ్రిజ్జూ, పక్క గదిలో పిల్లల టీవీ కూడా ఆగాయి. పిల్లలు గొల్లుమన్నారు.

"అరె, ఇల్లంత బందువెట్టిందిరా!" అన్నాడు ఆ దోస్తే.

"మరేమనుకున్నవ్? నేను రెండుసార్లు చెప్పిన గద" అన్నాడు మామ, రెప్ప కూడా కొట్టకుండా.

కాసేపటికి వాళ్ళకు చెమటలు పట్టాయి. "జర ఫ్యానన్న ఎయ్యమనే" అని బతిమాలారు. మామ "ఎయ్యి" అని కేకేశాడు. నేను స్విచ్చు పైకి లేపాను. దోస్తులు చాయ్ తాగి, డబ్బాకు దండం పెట్టినంత పని చేసి వెళ్ళారు.

మామ నేరుగా వంటింట్లోకి వచ్చాడు. "ఏం బిడ్డా, మెయిన్ గుంజినవా?"

నేను ఫోను కొంగు కింద దాచాను.

"హాలేజీ కాడ నేను పైన ఉంటి. టబ్బులు నింపేటోడు కింద చీకట్ల ఉండు. వాడు తీగ గుంజితే నా కాడ గంట మోగు. వాని ముఖం చూడకుంటనే ముప్పై ఏండ్లు మిషను నడిపిన. అవుతల మనిషి ఉన్నడో లేడో నాకు తెల్వదా? మొదటి దినమే తెల్సింది."

"మరెందుకు చెప్పలేదు మామా?"

"ఎందుకు చెప్పాలె? నేనొక మాటంటే, ఇంట్ల ఒకలు చెవివెట్టి ఇంటున్నరు. చెప్తే బంద్ జేస్తవ్ గద."

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఉల్లిగడ్డల మీదికి నెట్టి కళ్ళు తుడుచుకున్నాను.

మర్నాడు పొద్దుగూకింది. ముందు గదిలోంచి "లైటు ఎయ్యి" అని వినబడింది. తొంగి చూస్తే ఆయన డబ్బాకు వీపు పెట్టి, వంటింటి గుమ్మం వైపు తిరిగి కూర్చున్నాడు. నా చేతులు నిండా పిండి.

"ఏందే బిడ్డా," అని గట్టిగా అరిచాడు, "డ్యూటీకి లేటయినవ్?"